క్రూయిజ్‌లో డిన్నర్: ఫిక్స్‌డ్ టైం తీసుకోవాలా, ఫ్లెక్సిబులా? పంచెతో డైనింగ్ రూమ్‌లోకి రానిస్తారా?

కావ్య_బెల్‌వ్యూ
అందరికీ నమస్కారం. జూన్‌లో మా అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, వాళ్లిద్దరు, మొత్తం ఆరుగురం. గదులు చూసుకున్నాం, డబ్బు కట్టడమే తరువాయి. బుకింగ్ మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగింది. రాత్రి భోజనం రోజూ ఐదున్నరకా, ఎనిమిదింటికా, లేదంటే ఎప్పుడు కుదిరితే అప్పుడు వెళ్లే ఫ్లెక్సిబుల్ పద్ధతా అని అడుగుతున్నారు.

మామయ్యగారికి షుగర్ ఉంది, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటారు. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. మామయ్యగారు పంచె తప్ప ఇంకోటి కట్టరు. ఆ ట్రిప్పులో ఫార్మల్ నైట్లు, అంటే అందరూ ముస్తాబై డిన్నర్‌కి వచ్చే రాత్రులు, రెండున్నాయట. సూటు లేకపోతే డైనింగ్ రూమ్ గుమ్మం దగ్గరే ఆపేస్తారని మావారి ఆఫీసులో ఎవరో చెప్పారు. అప్పట్నుంచి నాకు అదే టెన్షన్. అలా ఆపితే ఆయన పైకి ఒక్క మాట అనరు, కానీ మాతో ఇంకెక్కడికీ రారు. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

గోపీ_డాలస్
కావ్య గారూ, కళ్లు మూసుకుని ఫ్లెక్సిబుల్ తీసుకోండి. మేం గాల్వెస్టన్ నుంచి పిల్లలతో తరచూ వెళ్తుంటాం. పోర్టులో తిరిగొచ్చి స్నానాలు చేసేసరికి ఎంతవుతుందో తెలీదు, ఐదున్నరకల్లా టేబుల్ దగ్గర ఉండాలంటే సగం సాయంత్రం పోతుంది. ఫార్మల్ నైట్ సంగతి ఇంకా తేలిక. ఆ రెండు రాత్రులూ బఫేకి వెళ్లిపోండి. అక్కడ సూటెవరూ అడగరు.

లక్ష్మీటీచర్_విజయవాడ
అమ్మాయ్ కావ్యా, బఫే సలహా నాకు నచ్చలేదు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్లని, మిగతా అందరూ ముస్తాబై కింద కూర్చుని తింటుంటే, పైకి తీసుకెళ్లి ప్లేటు చేతికివ్వడం ఏం మర్యాద? పైగా షిప్పు కాస్త ఊగినా ప్లేటు పట్టుకుని లైన్లో నడవడం మా వయసువాళ్లకి కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మరీను. డైనింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి వడ్డిస్తారు. మాలాంటివాళ్లకి కావాల్సింది అదే.

మా అబ్బాయి మమ్మల్ని తీసుకెళ్లినప్పుడు ఫార్మల్ నైట్‌కి నేను ఉప్పాడ చీర కట్టుకున్నాను, మా వారు జరీ అంచు పంచె, తెల్ల లాల్చీ, పైన కండువా. గుమ్మం దగ్గరున్న అమ్మాయి నవ్వుతూ చేయి పట్టుకుని టేబుల్ దాకా తీసుకెళ్లింది. మెట్ల దగ్గర షిప్పు ఫోటోగ్రాఫర్ మమ్మల్ని ఆపి మరీ ఫోటో తీశాడు. సూటు వేసుకున్న మా అబ్బాయిని పక్కకి జరగమన్నాడు.

సముద్రం_సీను
నేను కొన్నేళ్లు క్రూయిజ్ షిప్పుల్లో డైనింగ్ రూమ్‌లోనే పనిచేశాను. వెయిటర్‌గా మొదలుపెట్టి హెడ్ వెయిటర్ దాకా వచ్చి, ఇప్పుడు వైజాగ్‌లో ఉంటున్నాను. ముందు పంచె సంగతి తేలుద్దాం.

గుమ్మం దగ్గర నిలబడే మాకు ఇచ్చే ఆర్డర్లు చాలా సింపుల్. స్విమ్మింగ్ డ్రెస్, తడి బట్టలు, మగవాళ్ల చేతుల్లేని బనియన్లు, టోపీలు, రబ్బరు చెప్పులు, ఇవి రాకూడదు. ఎక్కువ అమెరికన్ లైన్లలో, అంటే క్రూయిజ్ కంపెనీల్లో, ఫార్మల్ నైట్ రోజు కూడా చూసేది ఇంతే, దాంతోపాటు షార్ట్స్, చిరుగుల జీన్స్. ప్యాంటు, కాలర్ చొక్కా వేసుకుని వస్తే కోటు లేదని ఎవర్నీ వెనక్కి పంపిన గుర్తు నాకు లేదు. శుభ్రమైన పంచె, లాల్చీ అంటే మా లెక్కలో అది నూటికి నూరుపాళ్లు ఫార్మల్. స్కాట్లాండ్ వాళ్లు గళ్ల లంగాలాంటి కిల్టులో వస్తారు, నైజీరియా వాళ్లు వాళ్ల బట్టల్లో వస్తారు. ఎవరి సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, కాళ్లకి రబ్బరు చెప్పులు కాకుండా తోలు చెప్పులో బూట్లో ఉండాలి.

మీ మామయ్యగారిని ఎవరూ ఆపరు. ఆ బెంగ పక్కన పెట్టి టైం గురించి ఆలోచించండి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అసలు తేడా తెచ్చేది అదే.

కావ్య_బెల్‌వ్యూ
సీను గారూ, లక్ష్మి గారూ, మీ మాటలు చదివాక గుండెల మీంచి బరువు దిగినట్టుంది. మావారికి కూడా చదివి వినిపించాను. మరి టైం సంగతి?

సముద్రం_సీను
కొంచెం లోపలి సంగతి చెప్తాను, అప్పుడు మీకే తెలుస్తుంది.

పాత పద్ధతి మన పెళ్లిలో బంతి భోజనాల లాంటిది. డైనింగ్ రూమ్‌లో అందరికీ ఒకేసారి చోటు చాలదు. అందుకని సగంమందికి మొదటి బంతి, మిగతా సగానికి రెండో బంతి. మొదటి బంతి వాళ్లు తిని రెండో షోకి వెళ్తారు, రెండో బంతి వాళ్లు మొదటి షో చూసొచ్చి తింటారు. థియేటరూ వంటిల్లూ రెండూ ఈ లెక్క మీదే నడిచేవి. ఏడు రాత్రులూ అదే టేబుల్, అదే వెయిటర్. రెండో రోజుకల్లా ఎవరికి చల్లనీళ్లు పడవో, ఎవరు కాఫీలో చక్కెర వేసుకోరో మాకు వచ్చేసేది.

నార్వేజియన్ లైన్ వాళ్లు 2000లో ఫ్రీస్టైల్ అని మొదలుపెట్టి ఇదంతా తిరగరాశారు. ఫిక్స్‌డ్ టైం లేదు, ఫిక్స్‌డ్ టేబుల్ లేదు, ఫార్మల్ నైట్ తప్పనిసరి కాదు. తర్వాత మిగతా లైన్లు కూడా పాత పద్ధతి ఉంచుతూనే పక్కన ఫ్లెక్సిబుల్ పెట్టాయి. రాయల్ కరీబియన్‌లో మై టైం, కార్నివాల్‌లో యువర్ టైం, సెలబ్రిటీలో సెలెక్ట్ అంటారు. పేర్లు వేరు, పని ఒకటే. టిప్పుల పద్ధతి మారింది కూడా అప్పుడే. పూర్వం ఆఖరి రాత్రి కవర్లో పెట్టి మీ వెయిటర్ చేతికి ఇచ్చేవారు. రోజుకో వెయిటర్ వడ్డించేటప్పుడు కవరు ఎవరికివ్వాలి? అందుకే ఇప్పుడు మనిషికి రోజుకి ఇంత అని మీ అకౌంట్లోంచే తీసుకుంటారు.

ఫ్లెక్సిబుల్‌లో ఇబ్బంది ఏంటంటే, స్వేచ్ఛ ఉంది కదా అని అందరూ ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్యే వస్తారు. ఆ గంటలో ఆరుగురికి ఒకే టేబుల్ దొరకాలంటే నిలబడాలి. రోజూ కొత్త వెయిటర్‌కి గుడ్డు వద్దు, చేప వద్దు, చికెన్ రసం వద్దు అని మొదటినుంచీ చెప్పుకోవాలి. చెప్పి చెప్పి మూడో రోజుకి శాకాహారులు విసిగిపోయి బఫేకి వెళ్లిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

గోపీ_డాలస్
క్యూ మాత్రం నిజమే. అందుకే మేం ఎనిమిది దాటాక వెళ్తాం. పిల్లలు అప్పటికే పిజ్జా తినేసుంటారు.

అనిత_నర్సు_హ్యూస్టన్
కావ్య గారూ, అన్నిటికంటే ముందు ఇన్సులిన్ సంగతి చూడండి. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్‌ని గదిలో వేసుకుని కిందికి వెళ్లి, అక్కడ టేబుల్ కోసం అరగంట నిలబడితే షుగర్ పడిపోతుంది. టేబుల్ దొరికాక కూడా వెంటనే భోజనం రాదు. ముందు మెనూ ఇస్తారు, ఆర్డర్ తీసుకుంటారు, తర్వాత సూపు, సలాడు, ఆ తర్వాతే అసలు భోజనం. మొత్తం అయ్యేసరికి గంటన్నర. కాబట్టి ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలన్నది ఆయన డాక్టర్‌ని ముందే అడగండి. గదిలో వేసుకుని రావచ్చా, టేబుల్ దగ్గర ప్లేటు వచ్చాక వేసుకోవచ్చా అని సూటిగా అడగండి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఎప్పుడూ ఉండాలి. కూర్చోగానే బ్రెడ్ బుట్ట పెట్టమంటే పెడతారు.

ఇంకోటి, అలాస్కా టైం సియాటిల్ కంటే గంట వెనక. షిప్పులో గడియారాలు మారుస్తారు. షిప్పు టైం ఏడంటే సియాటిల్‌లో ఎనిమిది. ఇండియాకీ సియాటిల్‌కీ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా ఉంటుంది, వాళ్లు వచ్చీరాగానే షిప్పు ఎక్కిస్తే రాత్రి ఎనిమిదింటి భోజనానికి కూర్చునే కునికిపాట్లు పడతారు. కనీసం వారం ఇంట్లో ఉంచి తర్వాత తీసుకెళ్లండి. ఇన్సులిన్ చెకిన్ సామానులో కాకుండా చేతి బ్యాగులోనే పెట్టండి. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, అది సరిగ్గా చల్లబడుతోందో లేదో చూసుకోండి. లేకపోతే మెడికల్ ఫ్రిజ్ కావాలని ముందే అడగండి.

శ్రీధర్_టకోమా
అలాస్కా రూట్ గురించి నాదీ ఒక మాట. కరీబియన్ లెక్క ఇక్కడ పనికిరాదు. జూన్‌లో అలాస్కా రాజధాని జూనోలో రాత్రి పదింటికి గానీ పొద్దుగుంకదు. సియాటిల్ నుంచి వెళ్లే చాలా షిప్పులు జూనోలో మధ్యాహ్నం ఆగి రాత్రిదాకా ఉంటాయి. తిమింగలాలు చూడ్డానికి పడవెక్కినా, మెండెన్‌హాల్ గ్లేసియర్ (మంచునది) చూడ్డానికి వెళ్లినా ఐదున్నర భోజనం పోయినట్టే. విక్టోరియా ఇంకో రకం. విదేశీ జెండా ఉన్న షిప్పు అమెరికా పోర్టులో ఎక్కించుకుని మళ్లీ అక్కడే దించాలంటే మధ్యలో ఒక విదేశీ పోర్టులో ఆగి తీరాలి. 1886 నాటి చట్టం అది. అందుకని చాలా షిప్పులు ఆఖరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతాయి. ఆ రోజు దిగి ఊరు చూడాలంటే ముందే తినేయాలి. ఎనిమిదింటి బంతి తీసుకున్నవాళ్లు ఆ పూట భోజనమో, ఊరో ఏదో ఒకటి వదులుకుంటారు.

అంటే ఒకరోజు పెందలాడే తినాలి, ఇంకోరోజు ఆలస్యంగా తినాలి. రెండిట్లో ఏ ఫిక్స్‌డ్ టైం తీసుకున్నా ఏదో ఒక రోజు దెబ్బతింటుంది.

కావ్య_బెల్‌వ్యూ
అయితే ఫిక్స్‌డ్ తీసుకుంటే పోర్టులు పోతాయి, ఫ్లెక్సిబుల్ తీసుకుంటే రోజూ కొత్త వెయిటర్, క్యూ, ఇన్సులిన్ గొడవ. ఎటు పోయినా చిక్కేనా?

సముద్రం_సీను
చిక్కేం లేదు. ఫ్లెక్సిబుల్ తీసుకుని ఫిక్స్‌డ్‌లా వాడుకోండి.

ఎలాగంటే, ఫ్లెక్సిబుల్‌లో కూడా చాలా లైన్లలో యాప్‌లో టైం రిజర్వ్ చేసుకోవచ్చు. బయల్దేరేముందే ఏడు రాత్రులకీ పెట్టేయండి. మామూలు రోజుల్లో ఏడింటికి, జూనో రోజు ఆలస్యంగా, విక్టోరియా రోజు ఐదున్నరకి. షిప్పెక్కిన రోజు మధ్యాహ్నమే, జనమంతా బఫే మీద ఉన్నప్పుడు, మీవారిని డైనింగ్ రూమ్ దగ్గరకి పంపండి. టేబుళ్ల మార్పుల కోసం హెడ్ వెయిటర్ ఆ టైంలో అక్కడ కూర్చుంటాడు. ఆయనకి మూడు మాటలు చెప్పాలి. ఇద్దరు పెద్దవాళ్లు గుడ్డు కూడా లేని శాకాహారులు. ఒకాయన ఇన్సులిన్ మీద ఉన్నారు, నిలబడి ఎదురుచూడలేరు. మాకు రోజూ ఒకే వెయిటర్ సెక్షన్ కావాలి. మేం రిజర్వేషన్ షీటు మీద ఇలాంటివి రాసిపెట్టుకునేవాళ్లం. మొదటి రాత్రి వడ్డించిన వెయిటర్ నచ్చితే అతని పేరు చెప్పి అడిగితే ఇంకా మేలు. టైం వేరైనా మనిషి అతనే ఉంటాడు.

ఆ తర్వాత ప్రతి రాత్రీ తినడం అయ్యాక లేచి వచ్చేయకండి. మర్నాటి మెనూ చూపించమనండి. ఏది గుడ్డు లేకుండా చేయగలరో అప్పుడే మాట్లాడుకుంటే వంటింటికి ఒక రోజు దొరుకుతుంది. పప్పు, కూర, అన్నం కావాలన్నా ముందు రోజే చెప్పాలి. పెద్ద లైన్లలో వంటింట్లో మనవాళ్లు ఉంటూనే ఉంటారు, గోవా, ముంబయి, కేరళ కుర్రాళ్లు. ఏడింటికి కూర్చుని ఏడుంపావుకి పప్పు కావాలంటే మాత్రం వాళ్లేం చేయగలరు?

రవి_హనుమకొండ
సీనన్న చెప్పింది బంగారంలాంటి మాట. ఇది ముందే తెలిసుంటే మా అమ్మ అన్ని రోజులు పెరుగు, అరటిపండుతో గడిపేది కాదు.

మాధవి_సింగపూర్
ఇక్కడ సింగపూర్ నుంచి వెళ్లే జెంటింగ్ డ్రీమ్ అనే షిప్పులో ఈ బాధ తక్కువ. మన దేశం నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి శాకాహారం, జైన భోజనం విడిగా దొరుకుతాయి. రెండు మూడు రాత్రుల ట్రిప్పులు, సూటు ఊసే ఉండదు. అలాస్కా వెళ్లేవాళ్లకి ఇది ఉపయోగపడదనుకోండి, కానీ ఇండియా నుంచి పెద్దవాళ్లని మొదటిసారి షిప్పెక్కించాలనుకునేవాళ్లు ఇలాంటిదొకటి ముందు చూపిస్తే భయం పోతుంది.

శేషగిరి_సౌతాంప్టన్
ఆలస్యంగా వచ్చాను. ఫార్మల్ నైట్ అంటే అందరూ అదేదో గండంలా మాట్లాడుతున్నారు, నా మాట కూడా వినండి.

నాకు ఆ సాయంత్రాలంటే ప్రాణం. క్యునార్డ్ వాళ్ల క్వీన్ మేరీ 2లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ దాకా ఏడు రాత్రులు, మధ్యలో ఒక్క పోర్టు ఉండదు. చుట్టూ అట్లాంటిక్ తప్ప ఏమీ లేనప్పుడు సాయంత్రం అనేదానికి ఒక రూపం కావాలి. గాలా రాత్రులు ఆ పని చేస్తాయి. నలుపూ తెలుపూ అని ఒక రాత్రి, మాస్క్‌లు పెట్టుకుని ఇంకో రాత్రి. ఆరు దాటాక మగవాళ్లు టక్సీడోనో ముదురు రంగు సూటో వేసుకోవాలి. మీ దేశపు లాంఛన దుస్తులైనా సరేనని వాళ్ల నియమాల్లోనే రాసి ఉంటుంది. అంటే మన షేర్వానీ, మన పట్టు పంచె. ముస్తాబు ఇష్టంలేనివాళ్లకి బఫే, పబ్బు, ఇంకా కొన్ని చోట్లు విడిచిపెడతారు.

పాతకాలంలోనూ ఇదంతా అందరూ అనుకునేంత బిగదీసి లేదు. ఎక్కిన రాత్రి, దిగే ముందు రాత్రి ముస్తాబు అక్కర్లేదనేది అట్లాంటిక్ షిప్పుల్లో ఆనవాయితీ, పెట్టెలు విప్పి ఉండవు కదా. ఇష్టమైన టైంకి తినడమూ నిన్నమొన్నటిది కాదు. 1905లో అమెరికా అనే జర్మన్ షిప్పులో రిట్జ్ పేరుతో విడిగా రెస్టారెంట్ పెట్టారు. డబ్బు కట్టి, కావాల్సిన టైంకి, కావాల్సింది తినేవారు.

ఏడాది పొడుగునా టీషర్టుల్లో తిరిగే కుటుంబాలు రెండు రాత్రులు చక్కగా తయారై ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే అందులో బాధేముంది? మన ఇంట్లో పెళ్లికి ఎవరైనా షార్ట్స్‌లో వస్తే ఊరుకుంటామా?

గోపీ_డాలస్
శేషగిరి గారూ, మీ ఇష్టం మీది, కాదనను. కానీ పెళ్లికి మనం పిలిస్తే వస్తారు, షిప్పుకి టికెట్టు కొనుక్కుని వస్తారు. డబ్బంతా కట్టి, ఏటా దొరికే ఒక్క వారం సెలవులో, నువ్వు ఈ గదిలో తిను, ఆ గదిలోకి రాకు అంటే నాకు ఒళ్లు మండుతుంది. నలుగురికి నాలుగు జతల మంచి బట్టలు, బూట్లు సర్దితే ఒక సూట్‌కేసు దానికే పోతుంది. అలాస్కాకైతే చలికోట్లు, వాన కోట్లు కూడా ఉన్నాయి. నేను వేడుకకి వ్యతిరేకిని కాను, బలవంతానికి వ్యతిరేకిని. నార్వేజియన్‌లో చాలాచోట్ల రాత్రిపూట షార్ట్స్‌తో కూడా భోజనానికి వెళ్లొచ్చు. తయారవ్వాలనుకున్నవాళ్లు తయారవుతారు. ఎవరికీ నష్టం లేదు.

లక్ష్మీటీచర్_విజయవాడ
గోపీ, నష్టం ఉంది నాయనా. అందరూ షార్ట్స్‌లో ఉంటే పట్టుచీర కట్టుకున్న నాలాంటిదానికి తనే వింతగా కనిపిస్తున్నాననిపిస్తుంది. అందరూ తయారయ్యే రాత్రి ఒకటుందంటే మాకు ధైర్యం. ఆడవాళ్లకి ఈ విషయంలో బరువు కూడా లేదు, రెండు చీరలు మడిచిపెడితే ఒక తువ్వాలంత జాగా పట్టదు. మగవాళ్లకీ పంచె అంతే. సూటే మోయాలి అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇదంతా.

శేషగిరి_సౌతాంప్టన్
టీచర్ గారు నా మనసులో మాట నాకంటే బాగా చెప్పారు.

గోపీ గారూ, మీరన్న బలవంతం నిజానికి తగ్గుతూనే వస్తోంది. సెలబ్రిటీ, హాలండ్ అమెరికా రెండూ 2015లోనే ఫార్మల్ నైట్లు తీసేసి, కోటు, టై లేకపోయినా పర్లేదనే పద్ధతికి వచ్చాయి. కార్నివాల్‌లో ఎలిగెంట్ నైట్ అంటారు, చక్కటి ప్యాంటు, చొక్కా చాలు. కాబట్టి బుక్ చేసేటప్పుడు ఆ లైను వాళ్లు ఈ ఏడాది ఏం రాశారో చదవండి. ఐదేళ్ల కిందట వెళ్లొచ్చినవాళ్లు చెప్పింది ఇవాళ ఉండకపోవచ్చు.

రవి_హనుమకొండ
పంచె గురించి ఇంత భయం ఎందుకు వచ్చిందంటే, మన దగ్గరే దాన్ని ఆపిన చరిత్ర ఉంది. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు గుమ్మం దగ్గర హైకోర్టు జడ్జినే పంచె కట్టుకున్నారని ఆపేశారు. అసెంబ్లీలో గొడవైంది, నెల తిరిగేసరికి తమిళనాడు ప్రభుత్వం చట్టమే తెచ్చింది, పంచె కట్టుకొచ్చారని ఎవర్నీ ఆపకూడదని. సొంతూళ్లో అలాంటివి చూసినవాళ్లకి అమెరికా షిప్పులో ఏమంటారోనని అనుమానం రావడం సహజమే.

మన తీరంలో తిరిగే కార్డీలియా ఎంప్రెస్‌లో అయితే ఈ ఫార్మల్ పట్టింపేం కనిపించలేదు. 2022లో చెన్నై నుంచి వైజాగ్, పుదుచ్చేరి తిప్పినప్పుడు మా బాబాయి వాళ్లు వెళ్లారు. అది పూర్వం రాయల్ కరీబియన్ వాళ్ల షిప్పే, 1990లో కట్టింది. బాబాయి షిప్పులో ఉన్నన్ని రోజులూ తెల్ల పంచెలోనే తిరిగాడట.

సముద్రం_సీను
శాకాహారం గురించి ఇంకొంచెం. మెనూలో ఆకుపచ్చ గుర్తు చూసి ఊరుకోకండి. ఆ గుర్తున్న వంటలో గుడ్డు ఉండొచ్చు, వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. సూపుల దగ్గర అసలు జాగ్రత్త పడాలి. కూరగాయల సూపని పేరుంటుంది, అడుగున చికెన్ స్టాకు, అంటే ఉడికించిన రసం, ఉండొచ్చు. ఉల్లిపాయ సూపు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, అది పశుమాంసం ఎముకల రసంతో చేస్తారు. సీజర్ సలాడు మీద పోసే దాంట్లో ఆంకోవీ చేప ఉంటుంది. వణికే జెల్లీలు, మూస్‌లలో జెలటిన్, అది జంతువుల ఎముకలు, తోలుతో చేస్తారు. వెయిటర్‌ని శాకాహారమా అని అడిగితే అవునంటాడు, అబద్ధమని కాదు, అతనికి తెలిసిన అర్థం వేరు. స్టాకు దేంతో చేశారు అని అడగండి. తెలియకపోతే లోపలికి వెళ్లి కనుక్కుని వస్తాడు.

బుక్ చేశాక, బయల్దేరడానికి నెలన్నర ముందే లైను వాళ్లకి రాతపూర్వకంగా పంపండి. గుడ్డు, మాంసం, చేప, జెలటిన్ వద్దని నాలుగూ విడివిడిగా రాయండి. ఆ కాగితం ప్రింటు తీసుకుని వెళ్లి హెడ్ వెయిటర్‌కి ఇవ్వండి.

అన్నం, గడ్డపెరుగు ఎప్పుడడిగినా దొరుకుతాయి. పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి తెమ్మంటే తెస్తారు, మేం రోజూ మనవాళ్ల టేబుళ్లకి పట్టుకెళ్లేవాళ్లం. ఆవకాయ ఇంట్లో పెట్టింది షిప్పులోకి రానివ్వరు, ఇంట్లో చేసిన తినుబండారాలు చాలా లైన్లలో నిషేధం. కొట్లో కొన్న సీలు వేసిన ప్యాకెట్లయితే పర్వాలేదు. రైస్ కుక్కరు, కెటిలు పట్టుకెళ్లకండి, స్కానింగ్‌లో పట్టేసి ఆఖరి రోజుదాకా ఉంచేసుకుంటారు.

లక్ష్మీటీచర్_విజయవాడ
ఇస్త్రీ పెట్టెకి కూడా అదే గతి, అగ్నిప్రమాదం అని ఒప్పుకోరు. ప్రిన్సెస్ షిప్పుల్లో మనమే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గది ఉంటుంది, రాయల్ కరీబియన్‌లో ఉండదు, వాళ్లకే ఇచ్చి డబ్బు కట్టాలి. అందుకని కావ్యా, గంజి పెట్టిన నూలు పంచెలు వద్దు, పెట్టెలో నలిగితే మళ్లీ నిలబడవు. పట్టు పంచె ఒకటి, కొంచెం పాలిస్టర్ కలిసినవి మూడు నాలుగు పెట్టు. పట్టు పంచెని పొడుగ్గా మడిచి కండువాలో చుట్టి పెడితే ముడత పడదు. డెక్ మీద అలాస్కా గాలికి పంచె ఎగిరిపోతుంది, లోపల ఉన్ని పైజమా వేసుకోమని చెప్పు. నడుముకి వెల్క్రో (అంటించుకునే పట్టీ) ఉన్న పంచెలు దొరుకుతున్నాయి, షిప్పులో మెట్లెక్కేటప్పుడు జారతాయన్న భయం ఉండదు.

కావ్య_బెల్‌వ్యూ
ఇవాళ బుక్ చేసేశాం. ఫ్లెక్సిబుల్ తీసుకున్నాం, యాప్ తెరుచుకోగానే సీను గారు చెప్పినట్టు ఏడు రాత్రులకీ టైములు పెడతాం. మామయ్యగారి డాక్టర్‌తో వీడియోలో మాట్లాడాం. ప్లేటు ఎదురుగా వచ్చాకే వేసుకోమన్నారు, టైం మార్పుకి విడిగా ఒక కాగితం రాసిచ్చారు. రెండు ఫార్మల్ నైట్లకీ అందరం డైనింగ్ రూమ్‌కే వెళ్తున్నాం. ఈ సంగతి చెప్పగానే అత్తయ్యగారు అప్పుడే ఏ చీరో ఆలోచించడం మొదలుపెట్టారు. మావారు కూడా సూటు మానేసి నాన్నగారితోపాటు పంచే కడతానంటున్నారు.

ఒక్క చివరి ప్రశ్న. మా చిన్నదానికి ఐదేళ్లు. గంటన్నర కూర్చోదు. ఏం చేస్తారు?

గోపీ_డాలస్
పిల్లల ప్లేటు ముందు తెమ్మని కూర్చోగానే చెప్పండి, పెద్దవాళ్ల సూపుతోపాటే వచ్చేస్తుంది. చాలా షిప్పుల్లో సాయంత్రం పిల్లల క్లబ్బు తెరిచే ఉంటుంది. తినగానే మీలో ఒకరు వెళ్లి దింపి రావచ్చు. పోర్టు రోజుల్లో అలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఆరింటికే బఫేలో తినిపించేయండి. ఇది మాత్రం బఫే పనే, టీచర్ గారూ.

లక్ష్మీటీచర్_విజయవాడ
పిల్లలకైతే సరే గోపీ. కావ్యా, ఫార్మల్ నైట్‌కి పాపకి పట్టు లంగా పెట్టు.

సముద్రం_సీను
లంగా కుచ్చిళ్లు పాదాలు దాటకుండా చూడండి, డైనింగ్ రూమ్ మెట్లు పాలిష్ చేసి నున్నగా ఉంటాయి. రిజర్వేషన్లు పెట్టేటప్పుడు ఆరుగురూ ఒకే బుకింగ్ కింద ఉన్నారో లేదో చూసుకోండి. రెండు గదులకి రెండు నంబర్లు ఉంటే యాప్‌లో ఇద్దరికీ నలుగురికీ వేరు టేబుళ్లు పడతాయి. లైను వాళ్లకి ఫోన్ చేసి రెండు నంబర్లూ కలపమని అడగండి, కలుపుతారు.